నేను దొర పళ్ళని కాను

నేను ఒక కట్టుడు పళ్ళ సెట్టుని. పై వరసా నేనే, కింది వరసా నేనే. ప్రస్తుతం లాకులపాలెం మ్యూజియంలో గాజు పెట్టెలో, నీలం మఖమలు గుడ్డ మీద, కాస్త నోరు తెరిచినట్టుగా కూర్చుని ఉన్నాను. పక్క పెట్టెల్లో తుప్పు పట్టిన లంగరు ఒకటి, హరికేన్ లాంతరు ఒకటి ఉన్నాయి. వాటి ముందు ఎవరూ నిలబడరు. అందరూ నా దగ్గరికే వస్తారు. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక పెద్దావిడ చెప్పులు విడిచి వచ్చి నాకు దణ్ణం కూడా పెట్టింది. "అమ్మా, నేను అంతటిదాన్ని కాదు" అని చెప్పాలనిపించింది గానీ, నోట్లో లేని పళ్ళు ఏం మాట్లాడతాయి? అప్పుడు మింగిన మాటలే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

నేను పుట్టింది ఒంగోలు బస్టాండు వెనక సందులో, మేడ మీద పళ్ళు కట్టే ఒక చిన్న కొట్లో. నాలాంటివాళ్ళు మామూలుగా జంతికలు నమలడానికో, మనవరాలి పెళ్ళిలో ఫొటోకి నవ్వడానికో పుడతారు. నేను మాత్రం చరిత్ర కోసం పుట్టాను. గొప్పకి చెప్పడం లేదు, నిజంగానే నన్ను కట్టించింది ఒక చరిత్రకారుడు.

ఆయన పేరు ప్రొఫెసర్ చక్రధరం. రాజులూ శాసనాలూ అందరూ రాశారు, మనం ముసలివాళ్ళ నోటి నుంచి చరిత్ర రాయాలని ఆయనకి పట్టుకుంది. ఎనభైల్లో ఒక టేప్‌రికార్డరు భుజాన వేసుకుని కాలవ గట్టున ఉన్న ఊళ్ళన్నీ తిరిగాడు. అలా తిరుగుతూ లాకులపాలెం వచ్చాడు. పూర్వం ఆ కాలవ మీద పడవలు నడిచేవి. నీళ్ళ ఎత్తు మారే చోట పడవల్ని దాటించడానికి పెద్ద పెద్ద గేట్లు ఉండేవి, వాటినే లాకు అంటారు. ఆ లాకు పక్కనే ఊరు. తెల్లవాళ్ళు వెళ్ళిపోయే ముందు రోజుల్లో ఆ లాకు దగ్గర ఏదో పెద్ద గొడవ జరిగిందనీ, కాలవల దొర ఒకడు పరువు పోగొట్టుకుని వెళ్ళిపోయాడనీ చుట్టుపక్కల చెప్పుకునేవారు. ఏం జరిగిందో కళ్ళారా చూసినవాడు ఊళ్ళో ఒక్కడే మిగిలాడు. ఆయన కోటిలింగం.

కోటిలింగం గారికి మాటంటే ప్రాణం. పళ్ళు మాత్రం లేవు. పొగాకూ తమలపాకూ కలిసి అరవై ఏళ్ళు నిండేలోపలే అన్నీ ఊడగొట్టాయి. ప్రొఫెసరు గారు ఎదురుగా కూర్చుని గంటన్నర రికార్డు చేసుకున్నాడట. ఇంటికెళ్ళి పెట్టుకుని వింటే క్యాసెట్టు నిండా గాలి, ఉమ్ము, నడుమ నడుమ నవ్వు. ఒక్క ముక్క అర్థం కాలేదు. క్యాసెట్టు మీద "అస్పష్టం" అని రాసి పక్కన పెట్టాడు. కానీ చెబుతున్నప్పుడు ముసలాయన చేతులు ఊపిన తీరు చూసి అందులో ఏదో మహత్తరమైన సంగతి ఉందని ఆయనకి నమ్మకం కుదిరింది. దాంతో కోటిలింగం గారిని ఒంగోలు బస్సెక్కించి తీసుకొచ్చి, కుర్చీలో వెల్లకిలా పడుకోబెట్టి, నోట్లో మైనం కుక్కించి, నన్ను కట్టించాడు. శాసనాల మీద కాగితం పెట్టి అచ్చు తీసినట్టు చిగుళ్ళకి అచ్చు తీయించిన చరిత్రకారుడు ఆయనొక్కడే అనుకుంటాను.

నేను మొదటిసారి లాకులపాలెం గుమ్మం తొక్కినప్పుడు (తొక్కింది కోటిలింగం గారే, నేను ఆయన నోట్లో ఉన్నాను) ఆయన భార్య పేరిందేవమ్మ వాకిట్లో మినుములు చెరుగుతోంది. చేట ఆపి నా వంక ఎగాదిగా చూసింది.

"ఇదేందయ్యా, నోట్లో ఈ దండ?"

"పళ్ళే! పొపెసరు గారు కట్టించినాడు. సోమారం మళ్ళీ వస్తాడంట, ఆ లాకు కత చెప్పాలంట."

"మొన్న చెప్పావుగా!"

"చెప్పాగానీ, అది సప్పటి కత. ఇంత శ్రమపడి పళ్ళు కట్టించినాయనకి సప్పటి కత ఎట్టా చెప్పేదే?"

ఆ మాటలోనే ఉంది అంతా. అప్పుడు నాకు తెలీలేదు.

సోమవారం ప్రొఫెసరు గారు వచ్చి మంచం మీద టేప్‌రికార్డరు పెట్టాడు. ఎర్ర దీపం వెలిగింది. పేరిందేవమ్మ వంటింటి గడప లోపల నిలబడింది. కోటిలింగం గారు గొంతు సవరించుకున్నాడు. నేను కొత్తదాన్ని, ఆయన చిగుళ్ళని కసిగా కొరుకుతున్నాను. మనిషికి నొప్పి ఎక్కడుంటే ధ్యాస అక్కడే ఉంటుంది. ఆయన మనసు నిండా పళ్ళే మెదులుతున్నాయి, కథలోకీ పళ్ళే వచ్చాయి.

"తుపాను బట్టి ముంచుతా ఉందండీ. కాలవ గట్టు మీదకి వచ్చింది. గేట్లు ఎత్తకపోతే గట్టు తెగి ఊరు పోద్ది. దొర పడవేమో గేట్లకి దిగువన కట్టేసుంది. గేట్లెత్తితే నా పడవ కొట్టకపోద్ది, ఎత్తబాకండి అన్నాడు దొర. మా నాయన అంకయ్య, పడవ నడిపే సరంగు, ఎదురు తిరిగినాడు. దొర కాలెత్తి తన్నబోయినాడు. మా నాయన ఊరుకుంటాడా? లాగి ఒక్కటిచ్చినాడు. అంతే, దొర నోట్లో పళ్ళ సెట్టు ఎగిరిపోయి కాలవలో పడింది."

ప్రొఫెసరు గారి కలం ఆగింది. "దొరవి కట్టుడు పళ్ళా?"

"కట్టుడు పళ్ళేనండీ. సీమ సరుకు. దొర మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని బంగళాలోకి పరిగెత్తినాడు. మా నాయన పోయి గేట్లెత్తి ఊరిని కాపాడినాడు."

"మరి లాకు కాపరి ఉండాలి కదా? గేట్లు ఎత్తాల్సింది ఆయన కదా? ఆయనేమయ్యాడు?"

కోటిలింగం గారు ఈ ప్రశ్న ఊహించలేదు. ఆయన నాలుక నా వెనక కంగారుగా అటూ ఇటూ తిరగడం నాకు తెలిసింది. కథలో ఇద్దరు నిలబడితే ఇరుకు. ఒకడు నిలబడాలంటే ఇంకొకడు కదలాలి.

"ఆయనాండీ... ఆయన బయపడి పారిపోయినాడు."

వంటింట్లో పళ్ళెం కింద పడింది. ఆ చప్పుడు క్యాసెట్టులో ఇప్పటికీ ఉంది. ఆ లాకు కాపరి పేరు నాంచారయ్య. పేరిందేవమ్మకి తండ్రి.

జరిగింది వేరు. అది నాకు తర్వాత నిదానంగా, పేరిందేవమ్మ గొణుక్కుంటుంటే తెలిసింది. దొర వద్దన్నా గేట్లు ఎత్తింది నాంచారయ్య. చెంపదెబ్బ లేదు, పళ్ళు లేవు. ఆయన మాట్లాడకుండా పోయి చక్రం తిప్పాడు. గట్టు నిలిచింది, ఊరు నిలిచింది, దొర పడవ మాత్రం కొట్టుకుపోయి తుంగలో ముక్కలైంది. ఆ తెల్లారే ఆయన్ని కొలువులోంచి తీసేశారు. మిగిలిన బతుకంతా తాళ్ళు పేనుకుంటూ గడిపాడు. అప్పటికి పేరిందేవమ్మకి ఆరేళ్ళు. తండ్రి అరచేతుల్లో చక్రం పిడి కోసిన గాట్లకి వాళ్ళమ్మ పసుపు అద్దుతుంటే దీపం పట్టుకుని నిలబడింది.

మూడో క్యాసెట్టు నాడు నాకు దెబ్బ తగిలింది. ప్రొఫెసరు గారు చెంపదెబ్బ ఘట్టం మళ్ళీ వివరంగా చెప్పమన్నాడు. పేరిందేవమ్మ ఆ రోజు చెక్కలు వండి పళ్ళెంలో పెట్టింది. అవి ఆవిడ కావాలనే గట్టిగా చేసిందని నా అనుమానం. "మా నాయన లాగి ఒక్కటిచ్చినాడు" అంటూ కోటిలింగం గారు చెక్క కొరికాడు. టక్‌మని నా పైవరసలో ఎడమ కోరపన్ను కొస విరిగింది. ప్రొఫెసరు గారు ఆ శబ్దాన్ని కూడా వదల్లేదు. పుస్తకంలో అడుగున చిన్న అక్షరాలతో రాశాడు: "ఈ చోట కథకుడు చెంపదెబ్బ ధ్వనిని నాలుకతో అద్భుతంగా అనుకరించాడు."

రెండేళ్ళకి పుస్తకం అచ్చయింది. అట్ట మీద కోటిలింగం గారి ఫొటో, అందులో ఇంత పొడుగున నేను. ప్రొఫెసరు గారు పుస్తకం తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టి, మెడలో దండ వేశాడు. నూట పన్నెండో పేజీలో ఆ వాక్యం ఉంది. "లాకు కాపరి భయంతో పారిపోయాడు." పేరిందేవమ్మకి కూడబలుక్కుని చదవడం వచ్చు. ఆ వాక్యాన్ని వేలు పెట్టి చదివింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ మొదటిసారి వంటింటి గడప దాటి, బయటి మగవాళ్ళ ముందుకి వచ్చి నిలబడింది.

"అయ్యా, ఆ లాకాయన మా నాయన. ఆయన పారిపోలా. గేట్లు ఎత్తింది ఆయనే."

ప్రొఫెసరు గారు మర్యాదస్తుడు. లేచి నిలబడ్డాడు. "అప్పటికి మీకు ఎన్నేళ్ళమ్మా?"

"ఆరు."

"ఆయనకి పదిహేను. ఆరేళ్ళ పిల్ల జ్ఞాపకం మీద చరిత్ర రాయడం కష్టమమ్మా. అదీగాక మీరు ఆయనకి కూతురు. కూతురు మాట సాక్ష్యానికి నిలవదు."

"ఈయన మాత్రం అంకయ్యకి కొడుకు గాదా?"

ప్రొఫెసరు గారు ఆధారం దొరికితే తర్వాతి ముద్రణలో చూద్దామన్నాడు. ఇద్దరూ కోటిలింగం గారి వంక తిరిగారు. నేను ఆయన నోట్లోనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు. నిజం చెప్పడానికి ఆయన నాలుక మూడుసార్లు నా దాకా వచ్చింది. మెడలో దండ ఉంది, చేతిలో తన బొమ్మ ఉన్న పుస్తకం ఉంది. మూడుసార్లూ వెనక్కి పోయింది. చివరికి "కాసిని మజ్జిగ తీసకరా" అన్నాడు.

పేరిందేవమ్మ మజ్జిగ తెచ్చింది. ఆ తర్వాత భర్తతో మాట్లాడ్డం మానేసింది. అన్నం పెట్టేది, నీళ్ళు తోడేది, జ్వరమొస్తే కషాయం కాచేది, మాట మాత్రం లేదు. నన్ను మాత్రం రోజూ కడిగేది. బూడిదతో తోముతూ, "నువ్వొచ్చినాకే ఇదంతా" అనేది. నాకు సిగ్గేసేది. నేనేం చెయ్యను? పళ్ళకి నిజం తెలిసినా, నాలుక ఎటు తిప్పితే మాట అటే పోతుంది.

పుస్తకానికి పేరు వచ్చాక చరిత్రకారులు వరస కట్టారు. ఒకాయనకి ప్రజల తిరుగుబాటు కావాలి. కోటిలింగం గారు ఆయన కోసం యాభైమంది పడవవాళ్ళని గట్టు మీద నిలబెట్టాడు. ఢిల్లీ నుంచి వచ్చిన ఒకావిడకి పోరాటంలో ఆడవాళ్ళ పాత్ర కావాలి. కోటిలింగం గారు వంటింటి వైపు ఒకసారి చూసి, తన తల్లి రోకలి పట్టుకుని దొర వెంట పడ్డట్టు చెప్పాడు. ఇంకొకాయన పర్యావరణం అన్నాడు. ఆయనకి దొర పళ్ళు మింగిన చేప గురించి చెప్పి పంపాడు. ఎవరికి ఏం కావాలో అదే పెట్టేవాడు, ఆకలితో వచ్చినవాణ్ణి ఊరికే పంపే మనిషి కాదు. అందరూ కృతజ్ఞతగా రాసుకునేవారు. అందరి కథల్లోనూ నాంచారయ్య పారిపోతూనే ఉన్నాడు, ఒక్కసారన్నా వెనక్కి తిరిగి చూడలేదు.

పుస్తకం వచ్చిన పదిహేనేళ్ళకి కోటిలింగం గారు కాలం చేశాడు. పోయిన మనిషి పక్కా, దిండూ, చుట్టల డబ్బా పెద్దకర్మ నాడు పారే నీళ్ళలో వదిలెయ్యడం ఆ ఊరి ఆచారం. నేను పక్కలో సామానో ఒంట్లో భాగమో బంధువులు కాసేపు తర్జనభర్జన పడ్డారు. పేరిందేవమ్మ తీర్పు చెప్పింది. నన్ను కొంగులో మూటగట్టుకుని లాకు దగ్గరికి పోయి, గట్టు మీద నిలబడి, "పో, నీ అబద్ధాలు కూడా తీసకపో" అని నీళ్ళలోకి విసిరింది. తర్వాత అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు ఎవరి కోసమో నీళ్ళ అడుగున ఉన్న నాకు తెలీలేదు.

బురదలో తొమ్మిదేళ్ళు ఉన్నాను. ఒక ఎండ్రకాయ నా పై వరసకీ కింది వరసకీ మధ్య కాపరం పెట్టింది. మర్యాద తెలిసిన జీవి, ఎప్పుడూ కథలు చెప్పలేదు. నా బతుకులో ప్రశాంతంగా గడిచిన కాలం అదే.

ఇంతలో పైన మనుషులు మళ్ళీ చరిత్ర మొదలెట్టారు. పాత దొర బంగళాని మ్యూజియం చెయ్యాలన్నారు. పెట్టడానికి లంగరు దొరికింది, లాంతరు దొరికింది, అసలైనవి లేవు. దొర పళ్ళు లేని లాకులపాలెం మ్యూజియానికి ఎవడొస్తాడని ఊరి ప్రెసిడెంటుకి బెంగ పట్టుకుంది. వేసవిలో కాలవ పూడిక తీయిస్తూ, పళ్ళు దొరికినవాడికి సభలో శాలువా కప్పుతానని చాటింపు వేయించాడు. పొక్లెయిను లాకు దగ్గర రెండో తట్ట ఎత్తేసరికి నేను దొరికాను. దొరకనా మరి? దొర పళ్ళు పడ్డాయని కోటిలింగం గారు పదిహేడేళ్ళు వేలు పెట్టి చూపించిన చోటనే ఆయన భార్య ఆయన పళ్ళు పారేసింది.

ఊరంతా ఈలలు. ఎండ్రకాయ దిగులుగా వెళ్ళిపోయింది.

చరిత్రకారులు నన్ను తెల్లగుడ్డ మీద పెట్టి సదస్సు జరిపారు. నా మీద ఎర్ర మరకలు ఉన్నాయి కదా, కోటిలింగం గారి తమలపాకుల చలవ. ఆ మరకల్ని బట్టి దొర తాంబూలం వేసుకునేవాడని ఒకాయన తేల్చాడు. పాలకుడు పాలితుల అలవాట్లకి లొంగిపోయిన అరుదైన సందర్భమన్నాడు. మరకలు తాంబూలం కాదు, చెంపదెబ్బకి కారిన నెత్తురన్నాడు రెండో ఆయన. మూడో ఆయన నా దవడ వంపు కొలిచి దొర స్కాట్లాండు వాడన్నాడు. కోటిలింగం గారి వంశంలో ఎవరూ ఒంగోలు దాటి ఎరగరు.

ప్రారంభోత్సవం రోజు వచ్చింది. రిటైరైపోయి కర్ర పట్టుకున్న ప్రొఫెసర్ చక్రధరం గారు వచ్చాడు. వెంట ఆయన దగ్గర పరిశోధన చేసే అమ్మాయి, హిమజ. పాత క్యాసెట్లన్నీ ఆ అమ్మాయే తెచ్చింది, వచ్చినవాళ్ళకి వినిపించడానికి. బల్ల మీద పుస్తకం కొత్త ముద్రణ దొంతరలుగా పేర్చారు. కథకుడి భార్య కాబట్టి దీపం వెలిగించడానికి పేరిందేవమ్మని పిలిచారు. ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆవిడ నోట్లోనూ పళ్ళు లేవు.

ఆవిడ దీపం దగ్గరికి పోలేదు. నేరుగా ప్రొఫెసరు గారి దగ్గరికి పోయింది.

"అయ్యా, కొత్త పుస్తకంలో ఆ మాట తీసేశారా?"

ఆయన నొచ్చుకున్నాడు. "అమ్మా, ఆధారం దొరికితే మారుస్తానన్నాను. ఇప్పుడు దొరికింది గానీ, మీ ఆయన వైపే దొరికింది. చూడండి, దొర పళ్ళే దొరికాయి. పళ్ళు నిజమైతే కథ నిజమే కదమ్మా."

అప్పుడు నాకు నిజంగా భయమేసింది. నాంచారయ్య పారిపోయాడనడానికి నేనే రుజువునయ్యాను. ఇక ఎన్ని ముద్రణలు వచ్చినా ఆ మనిషి ఆగడు. ఆ తల్లి నన్ను కాలవలో పారేసి కూడా నా పీడ వదిలించుకోలేకపోయింది.

పేరిందేవమ్మ గాజు పెట్టె దగ్గరికి వచ్చి వంగింది. కళ్ళు చికిలించింది. నా మరకలు చూసింది, నా విరిగిన కోరపన్ను చూసింది. తర్వాత నిటారుగా లేచి, హాలంతా వినపడేట్టు అంది.

"ఇయ్యి దొర పళ్ళెందుకయితయ్యి? మా ఆయన పళ్ళు. పదిహేడేళ్ళు తోమినాను, నాకు తెలీదా?"

ప్రెసిడెంటు మైకు చేత్తో మూశాడు. "మామ్మా, పెద్దోళ్ళు వచ్చారు, ఊరుకో."

"ఎందుకూరుకోవాలా? ఆ ఎడం కోర నేను వండిన చెక్క కొరికి ఇరిగింది. ఈ పొపెసరు గారు ఎదురుగానే ఉన్నాడు."

హిమజ మూడో క్యాసెట్టు తీసి పెట్టింది. "మా నాయన లాగి ఒక్కటిచ్చినాడు" అని కోటిలింగం గారి గొంతు ఖంగుమంది. టక్‌మంది. ప్రొఫెసరు గారు ఎప్పుడూ అక్కడే ఆపేసేవాడు, తర్వాతది కథకి సంబంధం లేదని. ఈ అమ్మాయి ఆపలేదు.

"అబ్బా! పన్నిరిగిందే! ఏం చెక్కలే ఇయ్యి, రాళ్ళు పోసి వండావా?" అంది క్యాసెట్టు.

హాలు గొల్లుమంది. ప్రొఫెసరు గారు కర్ర గోడకి ఆనించి, జేబులోంచి భూతద్దం తీసి, నా దగ్గరికి వచ్చి చాలాసేపు చూశాడు. ఒంగోలులో నన్ను మొదటిసారి చేతిలోకి తీసుకుని మురిసిపోయిన మనిషి. గుర్తుపట్టాడు.

"అవునమ్మా, ఆయనవే" అన్నాడు నెమ్మదిగా. "కానీ ఇవి దొరవి కావని తేలినంత మాత్రాన, మీ నాన్నగారు గేట్లు ఎత్తారని తేలదు కదా."

ఆవిడ ముఖంలో ఆశ మళ్ళీ ఆరిపోయింది. కుర్చీలో కూర్చుంది. కాసేపటికి ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తింది.

"పళ్ళు కట్టించకముందు ఒకనాడు చెప్పినాడే, అది ఉండాదా?"

"అదేం వినపడదమ్మా. అస్పష్టం."

"మీకు వినపడదు. పదేళ్ళు ఆ బోసి నోటితోనే నాతో కాపరం చేసినాడు. నాకు వినపడద్దా లేదా చూద్దాం, ఎయ్యండి."

హిమజ క్యాసెట్ల పెట్టె అడుగు నుంచి మొదటి క్యాసెట్టు తీసింది. మీట నొక్కగానే గాలి, ఉమ్ము, గరగర. నాకు తెలిసిన గొంతు, నేను లేని నోరు. అందరూ మొహాలు చూసుకున్నారు. పేరిందేవమ్మ కళ్ళు మూసుకుని వింటోంది. చేత్తో ఆపమంది.

"'మా మామ నాంచారయ్య' అంటన్నాడు."

హిమజ వెనక్కి తిప్పి మళ్ళీ వేసింది. విచిత్రం ఏమిటంటే, ఆవిడ చెప్పాక అందరికీ వినపడింది. మా మామ నాంచారయ్య. ప్రెసిడెంటు నోరు తెరిచాడు. ఆవిడ ఒక్కో ముక్కా చెప్పడం, అమ్మాయి తిప్పడం, హాలంతా చెవులు రిక్కించి అదే మాట వినడం. దొర వద్దన్నాడు. మా నాయన అంకయ్య, మేమందరం గట్టు మీద బయపడి నిలబడ్డాం. మా మామ ఒక్కడే చక్రం దగ్గరికి పోయినాడు. చేతులు తెగి నెత్తురు కారతా ఉన్నా తిప్పతానే ఉండాడు. ఆ మనిషి లేకపోతే ఈ ఊరు లేదయ్యా, నేనూ లేను.

ప్రొఫెసరు గారు తల వంచుకుని రాసుకుంటున్నాడు. క్యాసెట్టు చివర కోటిలింగం గారు ఏదో చిన్నగా అని నవ్వాడు. పేరిందేవమ్మ ఆపమనలేదు, చెప్పనూ లేదు.

"మామ్మగారూ, చివర్న ఏమన్నారు?" అంది హిమజ.

ఆవిడ క్యాసెట్టు దగ్గరికి జరిగింది.

"'ఈ మాట మాత్రం మా ఇంట్లోదానికి చెప్పబాకయ్యా' అన్నాడు. 'చెబితే ఇంక నన్ను లెక్కచెయ్యదు' అన్నాడు." కొంగుతో కళ్ళు తుడుచుకుని క్యాసెట్టు వంక కోపంగా చూసింది. "ఓరి నా చచ్చినోడా! బతికుండగా ఈ ఒక్క ముక్క నాతో అంటే నీ సొమ్మేం పోయింది? ఇన్నేళ్ళు నోరు కట్టుకుని కూర్చున్నా గదా!" అంది. అని, నవ్వింది. బోసి నోటితో అంతసేపు నవ్విన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆ రోజు పుస్తకం విడుదల కాలేదు. బల్ల మీద ఉన్న ప్రతులన్నీ ముందేసుకుని ప్రొఫెసరు గారూ, హిమజా నాలుగు రోజులు కూర్చుని నూట పన్నెండో పేజీలో ఆ వాక్యం కొట్టేసి, పైన నాంచారయ్య పేరు చేత్తో రాశారు. నన్ను తీసుకుపొమ్మని పేరిందేవమ్మని అడిగారు. "నాకెందుకు? అయ్యి లేకుండానే చెప్పినాడుగా నిజం. అక్కడే ఉండనియ్యండి" అందావిడ. నా పెట్టె మీద కార్డు మార్చారు. అందులో ఇలా ఉంది: "కోటిలింగం గారి పళ్ళు. ఇవి పెట్టించుకోక ముందు ఆయన ఒక నిజం చెప్పారు." చదివినవాళ్ళు నవ్వుకుంటూ పోతారు. దొర పళ్ళు ఎక్కడున్నాయని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దణ్ణాలు మాత్రం తగ్గాయి.

చరిత్ర కోసం పుట్టానని గొప్పలు పోయినదాన్ని. ఆ ఊళ్ళో చెప్పిన చరిత్ర మొత్తంలో నా గుండా పోని మాట ఆ నిజమొక్కటే. మొదట్లో బాధపడ్డాను, ఇప్పుడు లేదు.

పేరిందేవమ్మ వారానికోసారి వస్తుంది. ఆ గంటన్నర క్యాసెట్టు మొత్తం మాట మాటా రాయాలి, దాన్ని విప్పి చెప్పగలిగింది ఆవిడొక్కతే. నా పెట్టె పక్కనే ఇద్దరూ చాప వేసుకుని కూర్చుంటారు. అమ్మాయి ఎక్కడ మొదలుపెట్టినా, లేచిపోయే ముందు ఆవిడ చివరి ముక్క వేయిస్తుంది.

"అది ఎప్పుడో రాసేసుకున్నాం కదా మామ్మగారూ!" అంటుంది హిమజ.

"రాసుకున్నాంలే తల్లీ. ఇంకోసారి ఎయ్యి."